ఓలెటాకు వదిలిన జాగా

ఓలెటా సైజ్‌మోర్ చేతి మొక్కజొన్న రొట్టె తినని మనిషి మా బ్రష్ క్రీక్ లోయలో లేడు. ఉంటే వాడు నిన్నో మొన్నో దిగిన కొత్తవాడై ఉండాలి. బడి వంటింట్లో ఆమె పనిచేసిన కాలంలో రెండు తరాల పిల్లలు ఆమె గరిట కింద పెరిగారు. వాళ్లలో కొందరికి ఇప్పుడు మనవలు కూడా ఉన్నారు, అయినా కిరాణా కొట్లో ఓలెటా ఎదురైతే చటుక్కున నిటారుగా నిలబడతారు. పళ్లెంలో చిక్కుడుగింజలు వదిలేసిన పిల్లాణ్ణి ఆమె తిట్టేది కాదు, కొట్టేది కాదు. పక్కన వచ్చి కూర్చునేది. అవి అయిపోయేదాకా లేచేది కాదు. ఎంతటి మొండి వెధవైనా చివరికి తినాల్సిందే. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అంత పంతం పిల్లల చేత గింజలు తినిపించడానికి పనికొస్తుంది గానీ, తోడబుట్టినవాడి దగ్గర పనికిరాదు. ఆ సంగతి ఆమెకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

ఆ తోడబుట్టినవాడు ఆర్లిస్ నేపియర్. పాటలు కట్టి తనే గిటారు మీద పాడుతూ దేశమంతా తిరిగినవాడు. మా కొండల్లో పుట్టి అంత పేరు తెచ్చుకున్నవాడు ఇంకొకడు లేడు. ఊరి మొదట్లో వాడి పేరుతో బోర్డు కూడా పెట్టారు, దాన్ని మా కుర్రకారు తుపాకీ గురి చూసుకోవడానికి వాడుకుంటారు, అది వేరే సంగతి. అంత పేరు రాకముందు వాళ్లిద్దరూ ఆదివారం పొద్దున్నే జిల్లా రేడియోలో పాడే పిల్లలు. మా పాత చర్చిలో వాయిద్యం మోగదు, ఒకే ఒక్క గొంతు ముందు పంక్తి అందిస్తుంది, మిగతావాళ్లు దాన్ని అందుకుని సాగదీసి పాడతారు. పుస్తకాలు లేని రోజుల్లో అలవాటైన పద్ధతి, పుస్తకాలు వచ్చాక కూడా ఎవరూ మానలేదు. చర్చిలో అందించేది వాళ్ల నాన్న హోబర్ట్. రేడియోలో మాత్రం ఆర్లిస్ అందించేవాడు, చెల్లెలు అందుకునేది. విన్నవాళ్లు ఇప్పటికీ చెబుతారు, వాడి గొంతు ఎక్కడ ఆగిందో, ఆమె గొంతు ఎక్కడ మొదలైందో తెలిసేది కాదట.

మీసాలు సరిగ్గా మొలవకముందే ఆర్లిస్ గిటారు భుజాన వేసుకుని నాష్‌విల్ వెళ్లిపోయాడు. దానికి ఓలెటా ఏమీ అనుకోలేదు. వాడి చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టింది కూడా తనే. ఆమె బొగ్గు గనిలో పనిచేసే కెర్మిట్‌ను పెళ్లాడింది, బడిలో వంటకు కుదిరింది, చర్చిలో బాప్తిస్మం తీసుకుని సభ్యురాలైంది. అన్న పాటలు రేడియోలో వస్తే గరిట పక్కన పెట్టి వినేది. పిల్లల్ని కూడా నోరు మూసుకుని వినమనేది.

నాన్న పోయినప్పుడు వచ్చింది గొడవ. హోబర్ట్ నడి చలికాలంలో పోయాడు. ఆర్లిస్ అప్పుడు పడమటి రాష్ట్రాల్లో ఊరూరా పాడుతున్నాడు. మంచుకు దార్లు మూసేశారన్నాడు, రాలేకపోయాడు. ఆ సాయంత్రం ఓలెటా ఫోను పట్టుకుని జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. గోతిలోకి నీళ్లు ఊరడం, పెట్టె తడవకుండా చర్చి కుర్రాడు ఎల్జీ తన కోటు తీసి కింద పరచడం, అమ్మ పార వదలనని పట్టుకుని నిలబడటం. ఆఖరికి ఓలెటాయే అమ్మ వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి, పార తీసుకుని, నాన్న మీద మొదటి మట్టి తనే వేసింది. అవతల అన్న ఏడుస్తూ విన్నాడు.

ఏడాది తిరక్కుండా అది పాటై వచ్చింది. నీళ్లు ఊరిన గొయ్యి, పరిచిన కోటు, వదలని పార, అన్నీ ఉన్నాయి అందులో. లేనిది ఓలెటా ఒక్కతే. పాటలో అమ్మ వేళ్లు విడదీసింది ఆర్లిస్. నాన్న మీద మట్టి వేసింది ఆర్లిస్. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ పాటే వాడికి అన్నం పెట్టింది, ఆ పాటకే జనం లేచి నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నారు. మా జిల్లా సంతలో దాన్ని మోగిస్తే ఓలెటా గిన్నెలు కడిగే వంకతో అవతలికి పోయేది. వంటింట్లో తనతోపాటు పనిచేసే గ్లెన్నాకు ఒకసారి విడమరచి చెప్పింది.

"మామూలు అబద్ధం ఒక్కసారి ఆడి ఊరుకుంటామే. పాటలో అబద్ధం అలా కాదు. పాడినప్పుడల్లా ఆడాలి."

అలాగని అన్నాచెల్లెళ్లు మాటలు మానుకోలేదు. పండగకు కార్డులు వచ్చేవి, పోయేవి. కెర్మిట్ ఊపిరితిత్తులు పాడై పోయినప్పుడు ఆర్లిస్ వచ్చి శవపేటిక మోశాడు. అంతా బాగానే ఉంది గానీ, సమాధి దగ్గర పాట అందించగానే ఓలెటా పెదాలు బిగించేసింది. సొంత మొగుడి సమాధి దగ్గర! అన్న పక్కన నిలబడి ఒక్క పంక్తి అందుకోలేదు. కారణం ఊరందరికీ తెలుసు, పైకి అనేవాళ్లు లేరు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఆమె కూడా అనలేదు.

ఇలా ఉండగా ఓ మార్చిలో ఆర్లిస్ తనే పాత ట్రక్కు నడుపుకుంటూ వచ్చాడు. జుట్టంతా నెరిసింది, మనిషి సగమయ్యాడు. చాలా ఏళ్ల తర్వాత కొత్త ఆల్బమ్ చేస్తున్నాడట. మెరుగులూ తళుకులూ ఏమీ లేకుండా, కొండపాటలకు గిటారు, బాంజో, డ్రమ్ములు కట్టి. రూట్స్ రాక్ అంటారట పట్నంలో. చిన్నప్పుడు పొయ్యి దగ్గర పాడుకున్నదే, డ్రమ్ము చేరితే ఇంగ్లీషు పేరొచ్చింది. దాన్ని ఎక్కడ చేస్తున్నాడనుకున్నారు? మూతపడ్డ మా బడిలో, పిల్లలు అన్నం తినే హాల్లో, ఓలెటా వంటింటి పక్కనే. ఆ హాల్లో గొంతు బాగా పలుకుతుందన్నాడు. "పలక్కేం, నా అరుపులకు అలవాటు పడ్డ గోడలవి" అంది ఓలెటా. అన్న నవ్వాడు.

ఆమె చిక్కుడుగింజల పులుసు, రొట్టె పెట్టింది. ఆర్లిస్ రొట్టెను మజ్జిగలో నానబెట్టుకుని, మెత్తగా చేసుకుని, మెల్లగా మింగాడు. పళ్లు కట్టించుకున్నాడు కాబోలు అనుకుంది ఆమె. అడగలేదు.

"చివరి పాట నాన్నది" అన్నాడు తిన్నాక. "ఏరు దాటే పాట. నేను అందిస్తాను, నువ్వు అందుకో."

ఇన్నేళ్లుగా ఆ మాట కోసమే ఆమె చూసింది. తీరా వచ్చాక సరే అనలేకపోయింది. దానికి ముందు ఇంకో మాట రావాలి కదా. ఆ మట్టి వేసింది నువ్వే చెల్లీ, నేను కాదు అని ఒక్క మాట. అది అడిగి పుచ్చుకునేది కాదు. అందుకని ఆమె చర్చిని అడ్డం పెట్టింది.

"డ్రమ్ములుంటాయా?"

"ఉంటాయి. మెత్తగానే వాయిస్తారు."

"నేను సభ్యురాలిని అన్నా. సంఘాన్ని అడక్కుండా డ్రమ్ముల పక్కన ఆ పాట పాడకూడదు."

"అయితే పద, సంఘ పెద్ద ఎల్జీయే కదా, ఇంటికి పోయి ఇప్పుడే అడుగుదాం."

"ఇంటికి పోయి అడిగేది కాదది. నెలాఖరు శనివారం కూడికలో, అందరి ముందూ లేచి అడగాలి. నీకు తెలియనిదా?"

ఆర్లిస్ గొంతు మీద చెయ్యి వేసుకుని రుద్దుకున్నాడు. "అంతదాకా ఆగలేనేమో చెల్లీ."

"ఇన్నేళ్లు ఆగలేదూ?" అంది ఓలెటా.

వాడు టోపీ తీసుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, ఏదో చెప్పబోయి, చెప్పకుండానే వెళ్లాడు. వాడిదీ ఆ రక్తమే కదా. జాలిపడి పాడేటట్టయితే వద్దనుకున్నాడు. ఆమె ఏమో బతిమాలించుకుని పాడదామనుకుంది. ఇద్దరూ ఇద్దరే.

నెలాఖరు శనివారం వచ్చింది. ఓలెటా మంచి కోటు వేసుకుని కూడికకు వెళ్లింది. ఎల్జీ అంటే ఆనాడు నాన్న పెట్టె కింద కోటు పరిచిన కుర్రాడే, ఇప్పుడు మా సంఘ పెద్ద. లెక్కలూ ప్రార్థనలూ అయ్యాక, ఇంకెవరైనా చెప్పుకునేది ఉందా అని అలవాటుగా అడిగాడు. ఓలెటా బెంచీ అంచుకు జరిగింది. కాళ్లు నేలకు ఆనించింది. లేవలేదు. ఇంకోసారి వచ్చి అడగనీ, అప్పుడు చూద్దాం అనుకుంది. ఎల్జీ కాసేపు ఆమె వైపే చూసి, ఆఖరి పాట అందించాడు.

ఆ నెలంతా ఆమె ట్రక్కు చప్పుడు కోసం చెవులు రిక్కించింది. బడి ముందు ఆగి ఉండే బళ్లు ఒకరోజు కనబడలేదు. సెలవు తీసుకున్నారేమో అనుకుంది. గ్లెన్నా ఊరుకోలేక ఒకరోజు ఇంటికొచ్చి నిలబెట్టి కడిగేసింది.

"ఏమే, వాడేం నీ పళ్లెంలో గింజలు వదిలేసిన పిల్లాడనుకున్నావా, పక్కన కూర్చుని తినిపించడానికి? ముసలాళ్లయ్యారు ఇద్దరూ. పాడితే నీ నోరేం అరగదు."

ఆ మాట తగిలింది. తరవాతి నెల కూడికలో ఓలెటా లేచింది. మా అన్న పాట చేస్తున్నాడు, అందులో డ్రమ్ములుంటాయి, నాన్న పాట అందుకోమన్నాడు, సంఘం ఏమంటుందో చెప్పాలి అని నిలబడి అడిగింది. ఎల్జీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"సిస్టర్ ఓలెటా, దేవుడి పాట పాడతానంటే ఎవరు కాదంటారమ్మా? పోయిన కూడికలోనే అడుగుతావని చూశాం."

చేతులన్నీ ఒక్కసారి లేచాయి. ఒక్కరు కూడా ఆలోచించలేదు. ఆమె అడ్డం పెట్టుకున్న గోడ అసలు అక్కడ లేనేలేదు. ఆఖరి పాట పాడుతూ, మా పద్ధతి ప్రకారం అందరూ బెంచీల మధ్య తిరుగుతూ చేతులు కలిపారు. కొందరు ఆమె చెయ్యి కాసేపు వదల్లేదు.

ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా ఫోను చేసింది. ఎత్తింది అన్న కాదు, వాడి దగ్గర డ్రమ్ములు వాయించే బూన్. అన్నను పిలవమంది.

"ఆయన మాట్లాడలేడమ్మా. పోయిన వారమే ఆపరేషనైంది. గొంతులో రాచపుండు. స్వరపేటిక మొత్తం తీసేశారు. మీకు చెప్పలేదా?"

"ఎప్పటినుంచి తెలుసు వాడికి?"

"మార్చికి ముందే తెలుసు. అందుకే గదా అంత తొందరపడ్డాం."

ఓలెటా ఫోను పెట్టేసి, కోటుతోనే కుర్చీలో కూర్చుంది. మజ్జిగలో నానబెట్టిన రొట్టె గుర్తొచ్చింది. జీవితమంతా పిల్లలు ఎలా తింటున్నారో కనిపెట్టి చూసిన మనిషి, అన్న ఎలా మింగుతున్నాడో చూసి కూడా చూడలేదు. ఆ రోజు నుంచి మజ్జిగ ఆమెకు సయించలేదు.

ఆల్బమ్ ఆకులు రాలే కాలంలో వచ్చింది. గ్లెన్నా ఎక్కడినుంచో తెచ్చి, అట్ట మీద చెల్లెలి పేరు కూడా వేశాడు చూడమంది. నిజమే. చివరి పాట కింద, పాడినవారు ఆర్లిస్ నేపియర్, ఓలెటా నేపియర్ సైజ్‌మోర్ అని ఉంది. ఊరంతా వచ్చి అభినందించింది. విన్నవాళ్లు మాత్రం తల గోక్కున్నారు. నువ్వెక్కడా వినపడవేం, డ్రమ్ములు మింగేశాయా అన్నాడు కిరాణా కొట్టు వెర్జిల్. ఓలెటాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు తను ఉన్నచోట లేనట్టు పాడాడు, ఇప్పుడు లేనిచోట ఉన్నట్టు రాశాడు. ఆపరేషనైన మనిషి అని కూడా చూడకుండా లోలోపల తిట్టుకుంది.

ఇంట్లో పెట్టుకుంటే ఎవరైనా వింటారని, కారులో వేసుకుని ఏటి పక్కన ఆపింది. పాటలు ఒకదాని తర్వాత ఒకటి నడిచాయి. బాగున్నాయి, కాదనడానికి లేదు. గొంతు గీరుకుపోయింది, అయినా అబద్ధం లేదందులో. నాన్న సమాధి పాటను వాడు మళ్లీ పాడలేదు. చివరిది వచ్చింది. డ్రమ్ము మెత్తగా, గుండె కొట్టుకున్నట్టుగా. తర్వాత ఆర్లిస్ అందించాడు.

"ఏరు దాటితే ఇల్లుంది, ఒడ్డున దీపం ఉంది."

ఆ తర్వాత ఎవరూ అందుకోలేదు. గిటారు ఆగింది, డ్రమ్ము ఆగింది. ఆ జాగాలో చిన్నగా ఒకటే చప్పుడు. ఎవరో వేలితో చెక్క మీద కొడుతున్నారు. ఓలెటా వెంటనే పట్టేసింది. రేడియోలో మైకు ముందు తను అందుకుంటున్నప్పుడు, ఎంతసేపు ఆగాలో మరిచిపోకుండా ఆర్లిస్ గిటారు చెక్క మీద అలాగే వేలితో కొట్టేవాడు. తర్వాత రెండో పంక్తి. మళ్లీ జాగా. మళ్లీ వేలు. పాటంతా అంతే. వినేవాళ్లు ఏదో కొత్తరకం అనుకున్నారు. అది ఆమెకు వేసిన పీట.

మొదటికి తిప్పి, ఓలెటా నోరు తెరిచింది. అన్న అందించాడు, ఆమె అందుకుంది. ఇంకా "దీపం" దగ్గర ఉండగానే వాడు రెండో పంక్తి ఎత్తుకున్నాడు. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ ముందుకెళ్లిపోయాడు. ఎన్నిసార్లు పాడినా అంతే. రేడియోవాడు గడియారం చూపించి తరిమేవాడు కాబట్టి చిన్నప్పుడు గబగబా పాడేవాళ్లు. ఆ తర్వాత ఆమె ఒక జీవితమంతా చర్చిలో పాడింది. అక్కడ ఒక్కో మాటను పట్టుకుని, ఎక్కించి, దించి, తిప్పి, ఊపిరున్నంతసేపు సాగదీస్తారు. వయసు పెరిగేకొద్దీ పాట ఇంకా నెమ్మదిస్తుంది. ఆ పాట ఆర్లిస్ వినలేదు. ఎలా వింటాడు? కెర్మిట్ సమాధి దగ్గర ఆమె పెదాలు విప్పితే కదా! వాడు జాగా వదిలింది జడలేసుకున్న పిల్లకి. ఆ పిల్ల ఇప్పుడు లేదు. స్టీరింగు మీద తలపెట్టి ఓలెటా బాగా ఏడ్చింది.

ఏటా మే నెలలో కొండ మీద మావాళ్ల సమాధులన్నీ బాగుచేసి, అక్కడే పాడి, ప్రార్థించి, బల్లలు వేసి భోంచేస్తాం. మరుసటి ఏడు దానికి ఆర్లిస్ వచ్చాడు. మెడకు తెల్లటి గుడ్డ, దాని వెనకనుంచి ఊపిరి ఈలలా వచ్చేది. ఎవరితోనూ చేతులు కలపకుండా తిన్నగా నాన్న సమాధి దగ్గరికి పోయాడు. మంచుకు మట్టి కుంగిపోయింది. ఎల్జీ చేతిలో పార తీసుకుని, ఒక్కో పారెడు మట్టి వేసి, సమాధిని మళ్లీ ఎత్తుగా చేశాడు. ఒగరుస్తూనే వేశాడు, సాయానికి వెళ్లినవాళ్లను ఆపేశాడు. పని అయ్యాక చెల్లెలి దగ్గరికొచ్చి పార ఆమె చేతిలో పెట్టి, ఆమె కళ్లలోకి చూసి తల వంచాడు. ఇన్నేళ్లు ఆమె ఎదురుచూసిన మాట అదే. చెప్పే గొంతు లేనప్పుడు చెప్పాడు.

భోజనాలప్పుడు ఆమె వాడికి కోడి పులుసులో ఉడికిన పిండిముద్దలు మెత్తగా చిదిపి పెట్టింది. తిన్నాక ఆర్లిస్ చెయ్యి పట్టుకుని ఆమెను ట్రక్కు దగ్గరికి తీసుకెళ్లాడు. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. వాడు చివరి పాట పెట్టి, వేలు ఆమె వైపు చూపించాడు. అందుకో అని.

ఆ జాగా ఎంతో, అందులో తను పట్టదని ఆమెకు బాగా తెలుసు. డ్రమ్ము మొదలైంది. అన్న గొంతు, ఇక లేని గొంతు, పంక్తి అందించింది. ఆమె అందుకుంది. ఇన్నేళ్లుగా నేర్చుకున్న తిప్పులన్నీ వదిలేసింది. సాగదీసే చోట కోసేసింది. చర్చిలో అలా పాడితే ఎల్జీ ఆపి, ఏం సిస్టర్, ఇల్లు కాలిపోతోందా అని అడిగేవాడు. ఊపిరి అందక ఎదురు రొమ్ము నొప్పెట్టినా జడలపిల్లలా గబగబా పాడింది. వాడు రెండో పంక్తి ఎత్తుకునే చోట సరిగ్గా ముగించింది. పక్కన ఆర్లిస్ తలుపు మీద వేలితో కొడుతూ, కళ్లు మూసుకుని విన్నాడు. పాటంతా అలాగే లాక్కొచ్చింది.

అయిపోయాక ఆర్లిస్ కళ్లు తెరిచాడు. బొటనవేలూ చూపుడువేలూ ఎడంగా పట్టి, కనుబొమలు ఎగరేసి అడిగాడు, నేను వదిలింది సరిపోయిందా అని.

"సరిపోయింది అన్నా" అంది ఓలెటా. "కొలిచినట్టు సరిపోయింది."

ఆర్లిస్ మొహం వెలిగిపోయింది. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుని, పాటను మళ్లీ మొదటికి తిప్పాడు. ఓలెటా వాడికి తెలియకుండా ఊపిరి కూడదీసుకుని, అందుకోవడానికి సిద్ధంగా కూర్చుంది.